వ్యాసంలో రెండో బొమ్మ

పోయిన నెల గద్వాలలో మా గురువుగారికి సన్మానం జరిగింది. మెదడును ఎమ్మారై చిత్రాలు తీసి చదివే విద్యలో ఆయనంతటివాడు ఈ ప్రాంతంలో పుట్టలేదని, ఆయన రాసినవాటిని దేశదేశాల పండితులు తమ వ్యాసాల్లో ఉదహరిస్తున్నారని చెప్పి, ఆ సైటేషన్ల లెక్క ఒక వక్త చదివితే హాలంతా చప్పట్లతో మోగింది. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆయన ముఖం పక్కనే నలుపుతెలుపుల్లో ఒక మెదడు చిత్రం. అది మా మేనత్తది. దండ వేయమని నా పేరు పిలిచేలోగా లేచి బయటికొచ్చి పెబ్బేరు బస్సెక్కాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఎమ్మారై అంటే పట్నం పోవాల్సిందే. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు చేసుకునే ఇంటి నుంచి వచ్చిన ఆడపిల్ల ఆ యంత్రం ముందు నిలబడటమే మా వాళ్లకు పెద్ద గొప్ప. వలసపోయి ఎండల్లో రాళ్లు మోసిన కూలీల మెదడు ఎట్లా మారుతుందన్నది గురువుగారి పరిశోధన. నన్ను నా తెలివి చూసి చేర్చుకున్నారనుకున్నాను. ఊళ్లలో నా మాట నమ్ముతారని చేర్చుకున్నారని తర్వాత అర్థమయింది. బల్మూరు నుంచి మానవపాడు దాకా తిరిగి మనుషుల్ని కూడగట్టాను. వలసలో రాళ్లు మోసి తిరిగొచ్చి, మానవపాడులో మిరప చేలకు కూలికి పోయే మా మేనత్త, నా చదువుకు పనికొస్తుందని అందరికన్నా ముందే వచ్చింది.

"ఏందే బిడ్డా గా మోత, కంకర మిషిన్ల తలకాయ పెట్టినట్లున్నది," అని ఎమ్మారై గదిలోంచి నవ్వుతూ బయటికొచ్చింది.

ఆ చిత్రంలో గింజంత తెల్లటి తిత్తి కనిపించింది. అప్పుడప్పుడూ చెయ్యి అదురుతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. మందులతో తగ్గే జబ్బే అది. గురువుగారు మాత్రం చాలాసేపు దాన్ని మురిపెంగా చూసుకున్నారు. ఆరు నెలల తర్వాత మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెడితే గొప్ప వ్యాసమవుతుందన్నారు.

"ఆమెకిప్పుడే చెప్పకు. మందులు మొదలుపెడితే మనకేం మిగలదు," అన్నారు నాతో.

నేను తలూపాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత నేను ఊరికి పోయినప్పుడల్లా మేనత్త అడిగేది. "నా తలకాయల ఏమున్నదో జర చెప్పరాదే. నాకు తెల్వకుంటె ఎట్ల?" ఇంకా చూస్తున్నారు అత్తా అనేదాన్ని. ఆమె నా చేతిలో ఇన్ని పల్లీలు పోసి, సరే బిడ్డా అని పనిలో పడేది.

నాలుగో నెలలో జొన్నరొట్టెలు కాలుస్తుండగా ఆమెకు మూర్ఛ వచ్చింది. కుడిచెయ్యి పెనం మీద పడింది. కబురు అందిన రోజే ఎవరినీ అడగకుండా ఫిల్ములు తీసుకుని బయల్దేరి, ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. మందులు పడ్డాక మూర్ఛలు మళ్లీ రాలేదు. కాలిన చేతి వేళ్లు రెండు మాత్రం వంగిపోయి, మిరపకాయలు తెంపడానికి పనికిరాకుండా పోయాయి. అంతా తెలిశాక ఆమె నన్ను తిట్టలేదు. "నువ్వు గిట్ల చేస్తవనుకోలే," అంది, అంతే. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ ఇంటికి పోయినప్పుడల్లా నేనే రొట్టెలు చేసేదాన్ని.

మేనత్తకు రెండోసారి తీయకుండానే, ఆ మొదటి చిత్రంతోనే వ్యాసం అచ్చయింది. అందులో రెండో బొమ్మ ఆమెది. రాసినవాళ్లలో మూడో పేరు నాది. తన వ్యాసాలను ఉదహరించనిదే శిష్యుల రాతల మీద గురువుగారు సంతకం పెట్టేవారు కాదు. అట్లా ఆయన పేరు పెరిగింది, ఆ పేరుతోనే నాకూ వనపర్తిలో ఉద్యోగం వచ్చింది. నేను కాదనలేదు.

ఇప్పుడు పరీక్షకు ముందు సంతకం పెట్టించే ఒప్పుకోలు పత్రాలు తెలుగులో ఉంటాయి, రిపోర్టు ఫోనుకే వస్తుంది. అది మంచి మార్పే. కానీ కొత్తగా చేరే పిల్లలు గురువు ఏం కనుక్కున్నాడని అడగరు, సైటేషన్లెన్ని అని అడుగుతారు. మేం చేరిన కొత్తలో, బతికున్న మనిషి తలలోకి చూడబోతున్నామంటేనే ఒళ్లు జలదరించేది. ఆ జలదరింపు నాలోంచి ఏ రోజున పోయిందో గుర్తుచేసుకుందామన్నా గుర్తురాదు.

గద్వాల నుంచి వచ్చిన మర్నాడు కంప్యూటరు తెరిచి, ఆ వ్యాసం పక్కనున్న సైటేషన్ల అంకె చూశాను. పెరిగింది. ముందు సంతోషమే వేసింది. రోత ఆ తర్వాత వచ్చింది.