మేనేజరుగారు ఎండకెళ్ళిన రోజు

వాచీలు బాగుచేసే మామయ్యగారికి మాటలు తక్కువ. ఇంటి ముందుగదే దుకాణం. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల ముందు తలొంచుకుని కూర్చున్నారు. వీధిలో వాళ్ళు ఆయన్ని చాటుగా "టిక్కుటిక్కు" అంటారు. నోట్లోంచి అంతకు మించి శబ్దం రాదని వేళాకోళం.

అలాంటి మనిషికి మూడు నెలల కిందట కోడలొచ్చింది. పెట్టెబేడాతో పాటు ఒక గాజుతొట్టె, అందులో మూరెడు తొండ, దాని గడ్డం కింద ముళ్ళు. రోజంతా లైటు కింద కూర్చుని ఏ పనీ చేయదు, ఎవరొచ్చినా తల మాత్రం ఆడిస్తుంది. అందుకే అత్తగారు దానికి మేనేజరుగారని పేరు పెట్టింది.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. ముదరకముందే ఎక్కడైనా వదిలి రావే తల్లీ" అని ఆవిడంటే కోడలు నవ్వేసేది.

మామయ్యగారి బాధ వేరు. కోడలితో ఏం మాట్లాడాలో ఆయనకు తోచదు. "టీ తాగారా?" అంటే "ఆఁ". "వెళ్ళొస్తానండీ" అంటే "ఆఁ". మూడు నెలల సంభాషణంతా కలిపినా పోస్టుకార్డు నిండదు. తనంటే ఈయనకు ఇష్టం లేదని ఆ పిల్ల అనుకుంటోందేమోనని లోలోపల బెంగ.

తొట్టె మీద కోడలు ఒక కాగితం అతికించింది: వారానికి రెండుసార్లు ఎండ చూపించాలి, చలి తగలనివ్వకూడదు. ఈ వారం ఆఫీసు పనితో ఆ పిల్లకు కుదరలేదు. మాట రాకపోతే పోనీ, ఈ సాయమైనా చేద్దామనుకున్నారాయన. మధ్యాహ్నం మూడింటికి మేనేజరుగారిని రెండు చేతులా ఎత్తుకొచ్చి కిటికీ గట్టు మీద ఎండలో కూర్చోబెట్టారు.

అక్కడిదాకా బాగానే ఉంది. బల్ల మీద ఒక వాచీ విప్పి ఉంది. ఒక్క చక్రం బిగిద్దామని భూతద్దం కంటికి పెట్టుకున్నారు. అందులో అంగుళం లోకం ఏనుగంత కనబడుతుంది. ఆ అంగుళం అవతల నిజం ఏనుగు నడిచిపోయినా తెలియదు. చక్రం బిగిసేసరికి అయిదు దాటింది. గట్టు మీద ఎండా లేదు, మేనేజరూ లేడు.

ఆయన వీధిలోకి పరుగెత్తారు. పొద్దు దిగితే చలి. చలికి ఆ ప్రాణి తట్టుకోదు.

"ఏమండీ, వీధిలో ఏం వెతుకుతున్నారు?" అంది భార్య గుమ్మంలోకొచ్చి.

"మేనేజరు."

"అయ్యో రాత! చెప్పాపెట్టకుండా సెలవు పెట్టాడా?"

"నవ్వకే."

"పీడా పోయింది" అంటూనే ఆవిడ ఆకుకూర కట్ట పట్టుకుని చెప్పులేసుకుంది. "రా నాయనా, టిఫిన్ వేళయింది, రా!"

ఆ కేకకి పక్కింటి దర్జీ వచ్చాడు. సంగతి విని, కర్ర తీసుకుని పొదలు కొట్టబోయాడు.

"ఎవరూ కదలకండి!"

దర్జీ ఎత్తిన కాలు దించలేదు. తన గొంతు అంత పెద్దదని మామయ్యగారికే తెలియదు.

"అడుగేస్తే దాని మీదే వేస్తారు. మా దుకాణంలో చిన్న మరమేకు జారి నేల మీద పడితే ఎవరూ కాలు కదపరు. నేను పడుకుని చూస్తాను" అంటూ ఆయన వీధిలో బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించారు. వాలు వెలుతురులో ఆవగింజంత మరమేకుకి కూడా నీడ బారెడు పడుతుంది. రంగు మోసం చేస్తుంది గానీ నీడ చేయదు.

"ఎంతసేపన్నయ్యా ఇలా?" అన్నాడు దర్జీ, ఒంటికాలి మీద.

"గాలి కూడా మెల్లగా పీల్చు."

సరిగ్గా అప్పుడే కోడలొచ్చింది, ఆ రోజు గంట ముందే.

"అయ్యయ్యో, మామయ్యగారు పడిపోయారా?"

"పడిపోలేదే, పడుకున్నారు" అంది అత్తగారు.

ఆయన లేవలేదు. కళ్ళ ముందున్న కోడలి చెప్పులతోనే చెప్పుకున్నారు. "తప్పు నాదేనమ్మా. నీకు తీరిక లేదని దాన్ని నేనే ఎండకి తెచ్చాను. వాచీలో పడి మర్చిపోయాను. తర్వాత నువ్వేమన్నా పడతాను. పొద్దు ఇంకో పావుగంటే ఉంది, ముందు వెతకనివ్వు."

కోడలి ముఖం పాలిపోయింది.  సంచీ కింద పెట్టి, ఇస్త్రీ బట్టలతోనే ఆయన పక్కన పడుకుంది.

"ఏ కన్ను మూయాలి?"

"ఏదైనా పర్లేదమ్మా. వస్తువుల్ని చూడకు, నీడల్ని చూడు."

ఒక సీసా మూత. ఒక ఎండుటాకు. దర్జీ పారేసుకున్న బొత్తాం.

"మామయ్యగారూ, ఆ గోడ అడుగున ఒక ఇటుకకి గడ్డముంది."

ఇద్దరూ పాకుతూ వెళ్ళారు. వెచ్చటి ఇటుకని కరుచుకుని, ఇటుక రంగులోనే, మేనేజరుగారు. కోడలు దాన్ని మెల్లగా ఊడదీసి కడుపు తాకి చూసింది.

"చల్లబడిపోతోంది. నా చేతులు మంచుగడ్డలు. మీ చొక్కాలో పెట్టుకోండి."

ఆయన రెండు గుండీలు విప్పారు. అది ఆయన బనీనుకి ఉడుంపట్టు పట్టింది. గుమ్మం మెట్టు మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. కోడలు దుమ్ము దులుపుకుంటూ పక్కనే కూర్చుంది.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది" అంది.

"ఎలా మొదలుపెట్టాలో తెలియలేదమ్మా."

"నాకూ తెలియలేదు. మీకు నా మీద కోపమనుకున్నాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. చొక్కాలో కదలిక మొదలైంది. దాని మీద చెయ్యి ఆనించి అడిగారు. "దీన్ని ఎక్కడ సంపాదించావమ్మా?"

"అబ్బో, అది చాలా పెద్ద కథ."

"చెప్పు. ఇది వెచ్చబడేదాకా నేనెటూ కదలలేను."