ముప్పై రెండో లెవెల్లో గుంట

మా ఆవిడ పోయి నెలా పది రోజులైంది. నరసరావుపేట కోర్టు ఎదురుగా ఇరవై ఆరేళ్లు టైపు షాపు నడిపిన మనిషి. ఆమె చేత పిటిషన్లు కొట్టించుకున్న వాళ్లలో చాలామందికి ఈ కబురు ఇంకా అందలేదు. మొన్న వినుకొండ నుంచి ఒక పెద్దాయన కాగితాలు పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"అమ్మగారు లేరా?" అన్నాడు.

లేరన్నాను.

"ఎప్పుడొస్తారు?" అన్నాడు.

ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది ఒక వీడియో గేము. దాని గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, లేకపోతే ఆమె గురించి చెప్పినట్టు కాదు.

మా అమ్మాయి చిన్నప్పుడు కాలు విరిగి ఆరు వారాలు మంచంలో ఉంది. ఊరికే ఉండలేక ఏడుస్తుంటే, టీవీకి తగిలించి ఆడే ఆట ఒకటి తెచ్చాను. అందరికీ తెలిసిన పాత ఆటే. ఒక పొట్టి మనిషి ఎడమ నుంచి కుడికి పరిగెడుతూ, ఇటుకలెక్కి, గుంటలు దూకి చివరికి చేరాలి. కట్టు విప్పకముందే పిల్లకు మొహం మొత్తింది. వాళ్లమ్మకు మాత్రం మొత్తలేదు, చివరిదాకా మొత్తలేదు.

కోర్టుల్లోకి కంప్యూటర్లు వచ్చి టైపు షాపులు పలచబడిన రోజుల్లో, అదే ఆటను కంప్యూటర్లో ఎలా తెరవచ్చో అమ్మాయి చూపించింది. తెరిస్తే లోపల బొమ్మలు లేవు. రెండేసి గుర్తుల చొప్పున వరసలు వరసలుగా అంకెలు, మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు.

"ఏవండీ, ఇట్రాండి. ఇదంతా టైపేనండీ!" అని కేకేసింది.

ఏదో కొంప మునిగిందని పరిగెత్తాను.

"ఇదుగో ఈ జత ఇటుక. దీన్ని మారిస్తే గుంట. టైపు పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ పాసయ్యా. నాకిదొక లెక్కా?"

లెక్కే అయింది. పదకొండేళ్లు పట్టింది.

ఇలా పాత ఆటను విప్పి, తమకు కావలసినట్టు మళ్లీ కట్టుకోవడాన్ని ఆ లోకంలో మోడ్ అంటారట. మామూలుగా అందరూ ఒకటో రెండో లెవెళ్లు మార్చి ఊరుకుంటారు. మా ఆవిడ ముప్పై రెండూ పీకేసి పల్నాడు కట్టడానికి కూర్చుంది. మొదటి లెవెల్ నరసరావుపేట బస్టాండు. తర్వాత మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్లు. కోర్టు లెవెల్లో కాగితాలు ఎగురుతుంటాయి. ఒకటి తగిలిందా, మనిషి చావడు, మళ్లీ మొదటికి పోతాడు. పైన 'వాయిదా' అని పడుతుంది. ప్లీడర్లు అది చూసి నవ్వలేదు. కక్షిదారులు నవ్వారు.

ఆ ఫైలులో చోటు పెరగదు. ఒక చెట్టు పెట్టాలంటే ఒక మబ్బు తీయాలి. నాపరాళ్ల కోసం ఒక పాట సగానికి కోసేసింది. ఏది తీయాలో తేలని రోజు మా ఇంట్లో కూరలో ఉప్పు ఉండేది కాదు.

నేను కాలువల ఆఫీసులో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఎత్తిపోతల జలపాతం లెవెల్లో నీళ్లు కింది నుంచి పైకి పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నీళ్లు పల్లానికి పారతయ్యే."

"మీ ఆఫీసులో పారతయ్యిలెండి," అంది.

దుర్గి శిల్పాల లెవెల్ కోసం నన్ను రెండుసార్లు దుర్గి తీసుకెళ్లింది. ఎండలో గంటన్నర నిలబడి ఒకాయన రాయి చెక్కుతుంటే చూసింది. ఆటలో ఒక్కో రాయి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అంతే.

"ఎనిమిది చుక్కల్లో ఉలి దెబ్బ ఎక్కడ కనపడుద్దే?" అన్నాను, బస్సులో చెమట తుడుచుకుంటూ.

"కనపడదు. ఉంటది."

ఆ మాట ఆమె చాలా వాటికి వాడేది. చిరిగిన చోట లోపలివైపు కుట్టేటప్పుడు కూడా అదే మాట.

కంప్యూటర్లో చేసింది ఒక ఆట కేసెట్లోకి ఎక్కించి, హాల్లో ఉన్న పాత డబ్బా టీవీలో పెట్టి చూసేది. రంగులు అందులోనే నిజంగా ఉంటాయట. ఆ టీవీని వదిలించుకుందామని నేను ఎన్నేళ్లు పోరానో లెక్కలేదు. నలుగురం కలిసి ఎత్తాల్సిన బరువు. వెల్ల వేయించినప్పుడల్లా దాన్ని జరపాల్సింది నేనే.

అన్నిటికంటే నన్ను విసిగించింది ఆమె పెట్టుకున్న ఒక నియమం. నేను దాటితేగాని ఏ లెవెలూ బయటికి వదలదు. ఎక్కడెక్కడి వాళ్లో, ఈ ఆట అంటే పడిచచ్చేవాళ్లు, ఆన్‌లైన్ గ్రూపులో ఎదురుచూస్తుంటారు. వాళ్లు ఆమెను టైపిస్టమ్మ అనేవారు. వాళ్లలో ఎవరైనా కళ్లు మూసుకుని దాటగలరు. అయినా నేనే దాటాలి.

"నేనే ఎందుకే?"

"మీకంటే చేతకాని మనిషి నాకు దొరకలా. మీరు దాటితే పల్నాడంతా దాటినట్టే."

నాకు పరిగెడుతూ దూకడం రాదు. గుంట వస్తే ఆగుతాను. ఎంత వెడల్పో చూస్తాను. ముప్పై ఏళ్లు టేపు పట్టిన అలవాటు. ఆ ఆటలో పైన ఒక గడియారం ఉండేది. నేను చూస్తుండగానే టైమైపోయి పొట్టివాడు చచ్చేవాడు. ఒక్కో లెవెల్ నలభై యాభై సార్లు ఆడించేది. గుంట అవతల ఏముందో ముందుగా చెప్పవే అంటే చెప్పదు. "చెప్తే అది ఆట కాదు, అఫిడవిట్టు," అనేది. చివరికి విసుగొచ్చి ఆ గడియారాన్నే ఆటలోంచి పీకేసింది. ఆ ఒక్క పనికే ఆరు నెలలు పట్టింది. గ్రూపులో గోలగోల. గడియారం లేకపోతే మజా ఏముందని. మా ఆయనకు టైము చాలట్లేదు అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. నా పరువు దేశమంతా పోయింది.

ఇంకో అలవాటు చెప్పాలి. కోర్టు కాగితాలు కొట్టేవాళ్లు టైపు అవగానే ఇచ్చెయ్యరు. ఒకరు అసలు చూసి పైకి చదవాలి, ఇంకొకరు నకలు చూసుకుంటూ పోవాలి. ఒక్కరే రెండూ చూస్తే కన్ను మోసం చేస్తుందని ఆమె నమ్మకం. ఆటకూ అదే పద్ధతి. లెవెల్ ముందు గళ్ల కాగితం మీద రాసుకునేది. నేను కాగితం చదవాలి, ఆమె తెర చూడాలి. అయ్యాక కాగితం అడుగున 'చదివినవారు' అన్నచోట నా పొడి అక్షరాలు, 'సరిచూసినవారు' అన్నచోట ఆమెవి. అలా ముప్పై ఒక్క కాగితాలు ఫైలు చేసి ఉన్నాయి.

మూడేళ్ల కిందట కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడు రోజులు పొద్దున్నే డయాలిసిస్. నాలుగు గంటలు ఎడమ చెయ్యి కదపకూడదు. రెండు చేతులతో టైపు చేసే మనిషి ఒంటిచేత్తో ఎందుకు చేస్తుంది? నన్ను కూర్చోబెట్టింది. ఒళ్లో లాప్‌టాప్, నా రెండు చూపుడువేళ్లు. ఆమె గళ్ల కాగితం ఎత్తిపట్టుకుని చదివేది. కోటప్పకొండ, ఆఖరి లెవెల్.

"ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, సున్నా సున్నా, సున్నా సున్నా..."

"ఎన్ని సున్నాలే?"

"చెప్పినన్ని కొట్టండి."

పక్క మంచంలో దాచేపల్లి వైపు రైతు ఒకాయన కొన్నాళ్లు విని, ఆగలేక అడిగాడు. "ఏ ఊరి సర్వే నంబర్లమ్మా అయ్యి?"

"కోటప్పకొండయ్యి, బాబాయ్."

"చానా భూమే ఉందే!" అన్నాడాయన. ఆమె నవ్వితే మిషను కూత పెట్టింది. నర్సు వచ్చి ముగ్గుర్నీ తిట్టింది.

నేను తప్పు కొడితే ఆమెకు శబ్దంలోనే తెలిసిపోయేది. "వెనక్కి పోండి. అది తొమ్మిది కాదు," అనేది కళ్లు మూసుకునే. ఒకరోజు చివరి వరస చెప్పడం పూర్తిచేసి, "బుధవారం సరిచూద్దాం," అంది. మంగళవారం పొద్దున హాస్పిటల్‌కి బయల్దేరుతూ చెప్పులేసుకుంది. ఒక్క నిమిషం అని కుర్చీలో కూర్చుంది. అంతే.

పెద్దకర్మ అయ్యాక, ఆఖరి లెవెల్‌ను ఆమె గ్రూపు వాళ్లకు పంపించాను. ఎలాగూ నేను దాటేదాకా ఆగేలా లేరు, మనిషే లేనప్పుడు నియమమేంటనుకున్నాను. వారం తర్వాత కర్నూలు నుంచి ఒక లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు. గ్రూపులో అందరికంటే బాగా ఆడేది ఈయనేనట.

"అంకుల్, ఏమనుకోవద్దు. కొండ పైన చివర్లో ఒక గుంట ఉంది. ఎవరి వల్లా కావట్లేదు. అంత దూరం దూకడం ఆ ఆటలోనే లేదు."

"అయితే?"

"ఫైలు చూశాను. అక్కడ రాళ్లుండాల్సిన చోట అన్నీ సున్నాలు. ఇంకో చోట వస్తువొకటి అదనంగా ఉంది, అది తెర మీద ఎక్కడా రావట్లేదు. అమ్మ అట్లా చేయరు కదా. చివర్లో టైపు మీరే చేశారంట."

"చేశాను."

"మరేం లేదంకుల్. ఒక రాయి పెట్టేస్తాం. పేరు అమ్మదే ఉంటది."

వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది, మొదట ఆయన మీద, తర్వాత ఆమె మీద. పదకొండేళ్ల పనిని తీసుకొచ్చి చివర్లో నా రెండు వేళ్ల కింద పెట్టాల్సిన అవసరమేంటి? ఎన్ని సున్నాలే అని నేను అడిగింది ఆ వరసలోనే అయ్యుంటుంది. చెప్పినన్ని కొట్టానా? తెలియదు. రాయి పెడితే ఆట పూర్తవుతుంది, కాని అందులో ఆమె రాయని రాయి ఒకటి ఉంటుంది. పెట్టకపోతే, నా తప్పు ఆమె పేరు మీద శాశ్వతంగా ఉంటుంది.

గళ్ల కాగితం దొరికింది. ఒక్కణ్ణే సరిచూద్దామని కూర్చుని లేచాను. ఒక్కరు చేసే పని కాదు అది. ఆదివారం అమ్మాయిని గుంటూరు నుంచి రమ్మన్నాను.

తను కాగితం చదివింది. నేను తెర చూశాను. తను చదివే తీరు కూడా వాళ్లమ్మదే, సున్నాల దగ్గర ఊపిరి తీసుకోదు. మూడు గంటలు పట్టింది. ఆ గుంట వచ్చినప్పుడు నా వేలు తెర మీద ఆగింది. కాగితం మీద సున్నాలు, తెర మీద సున్నాలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మాస్టారు చెప్పిన అదనపు వస్తువు కూడా కాగితంలో ఉంది, ఆమె చేతిరాతతో.

"నాన్నా, ఒక్క తప్పు కూడా లేదు."

"ఉండాలే. మళ్లీ చూడు."

"లేదంటుంటే!"

జీవితంలో మొదటిసారి తప్పు లేకుండా కొట్టాను. చూడాల్సిన మనిషి లేదు. అమ్మాయి 'చదివినవారు' దగ్గర సంతకం పెట్టింది. రెండో ఖాళీలో ఎప్పుడూ నేను పెట్టింది లేదు. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, పెట్టాను.

అయితే ఆ గుంట ఆమె కావాలని తవ్వింది. మరి దాటడమెలా?

అమ్మాయి లెవెల్‌ని కేసెట్లోకి ఎక్కించి ఇస్తే, టీవీలో పెట్టాను. కొండ మెట్లు, మలుపులు, కోతులు. కోతులు కొబ్బరిచిప్పలు విసురుతాయి. పదిహేను సార్లు చచ్చాక కొండ పైకి చేరాను. గుంట వచ్చింది. మామూలుగానే ఆగాను.

"దూకు నాన్నా," అంది అమ్మాయి.

"ఆగవే. చూడనీ."

"ఏంది చూసేది? గుంట గుంటే."

"మీ అమ్మ పని ఎప్పుడూ ఇంతే. అడిగితే చెప్పదు. చెప్పకుండా పోయింది," అన్నాను. చేతిలోని కంట్రోలర్ బల్ల మీద పెట్టేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. తుడుచుకోవడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పట్టింది.

"నాన్నా!"

కళ్లజోడు పెట్టుకున్నాను. తెరకు కుడివైపు అంచున ఒక వెదురు చివర కనిపించింది. దాని వెనక దీపాలు. మెల్లగా, అటొక చుక్క ఇటొక చుక్క ఊగుతూ, వెదురు గడలతో కట్టి దీపాలు పెట్టిన ప్రభ వస్తోంది. తెరంత ఎత్తు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు ఊళ్ల నుంచి వచ్చినట్టే, తొందరేమీ లేకుండా వచ్చి, గుంట అంచున నా పొట్టివాడి కాళ్ల దగ్గర ఆగింది. చేతకాని వాడు ఎక్కడానికి ఎంత సేపు పడుతుందో, అంత సేపూ ఆగింది. ఎక్కాక అవతలికి దాటించింది.

ఆ అదనపు వస్తువు ప్రభ అని మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను.

"గుంట దగ్గర మాలో ఎవరం ఆగలేదంకుల్," అన్నాడు.

వాళ్లు దూకి చచ్చినప్పుడల్లా ప్రభ మళ్లీ మొదటి నుంచి బయల్దేరేది. పాపం, అది ఎన్నిసార్లు బయల్దేరిందో.

ఇప్పుడా ఆట అందరికీ అందుబాటులో ఉంది. ఒక్క రాయి మార్చలేదు. ఆఖర్లో దారి లేదని రోజూ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆమె ఉంటే జవాబు చెప్పేది కాదు. నేను మాత్రం 'ఆగండి' అని ఒక్క మాట రాస్తాను.

డబ్బా టీవీ హాల్లోనే ఉంది. అమ్మాయి తీసేద్దామంది. పొద్దున కాఫీ కలుపుకుని, టీవీ పెట్టి, పొట్టివాణ్ణి గుంట దాకా తీసుకొచ్చి నిలబెడతాను. కంట్రోలర్ బల్ల మీద పెట్టేస్తాను. కాసేపటికి ప్రభ వస్తుంది. ఎర్రది, పచ్చది, తెల్లది, మూడు రంగుల దీపాలు. అంతకంటే ఎక్కువ రంగులకు ఫైలులో చోటు లేదు. వచ్చి, అంచున ఆగి, నేను కదలకపోతే మెల్లగా వెనక్కి పోతుంది.

నేను ఎక్కను. కాఫీ చల్లారేలోపు మళ్లీ వస్తుంది.