లిఫ్టు ముందు అన్న మాట

నాంపల్లిలో మా అపార్టుమెంటు కింది అంతస్తులో నా మెస్ నడుస్తుంది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు వెనక ఉన్న బయోగ్యాస్ ట్యాంకులో వేస్తాను. పొద్దున ఇడ్లీలు ఆ గ్యాస్ మీదే ఉడుకుతాయి. గ్యాస్ పోగా ట్యాంకులోంచి నల్లటి మడ్డి బయటికొస్తుంది. గొడవంతా దానితోనే.

మొదటి పొరపాటు నాదే. పేడనీళ్లలాగే ఉంది కదా, మొక్కకు బలమనుకుని, వచ్చింది వచ్చినట్టే రెండు బకెట్లు ఒక కరివేపాకు చెట్టుకు పోశాను. డ్రమ్ములో పెరిగే ఆ చెట్టు మా అసోసియేషన్ ప్రెసిడెంటుది. వారం తిరక్కుండా ఆకంతా మాడి రాలిపోయింది.

లిఫ్టు ముందు నలుగురూ ఉండగా ఆయన అన్నాడు. "ఏందక్కా, చెట్టుకు మీ మెస్సు సాంబార్ గిట్ల పోసిన్రా? గంతలనే సచ్చింది."

అందరూ నవ్వారు. "వానలు పడేదాంక చూస్త. గీ మడ్డి కంపు పోకుంటే ట్యాంకు తీపిస్త" అన్నాడు.

ట్యాంకు పోతే సిలిండర్లు కొని మెస్ నడపడం నావల్ల కాదు. అది అలా ఉంచితే, చెట్టు మాడితే చెట్టు గురించి అనాలి. నా సాంబారునెందుకు అనాలి? ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

పక్క వీధి వడ్రంగిని రంపపు పొట్టు అడిగాను. ప్లైవుడ్‌ది వద్దు, అందులో జిగురుంటుంది, టేకుది కావాలన్నాను.

"పెంటల కలిపేటందుకు టేకా పెద్దమ్మా?" అన్నాడు గానీ, రెండు బస్తాలు ఇచ్చాడు.

మడ్డిని పొట్టుకు, ఎండుటాకులకు పట్టించి కుప్ప పోశాను. మూడు రోజులకోసారి పారతో తిరగేశాను. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. ముందు వాసన పోయింది, తర్వాత వేడి తగ్గింది. రెండు నెలలకు పిడికిట్లో నలిపితే టీపొడిలా రాలింది.

దాన్ని తీసుకెళ్లి అదే డ్రమ్ములో వేస్తుంటే ప్రెసిడెంటు చూశాడు. "మల్ల నా చెట్టేనా?"

"చచ్చిన చెట్టుకు ఇంకేం భయమండీ?"

తొలి వానలకు మోడు పక్కనుంచి చిగుళ్లొచ్చాయి. ఒక ఆదివారం, అబిడ్స్‌లో పాత పుస్తకాలు కొనుక్కొచ్చినవాళ్లతో మెస్ నిండిన వేళ, ఆయన వంటింటి కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "చెట్టు మంచిగయింది అక్కా. ట్యాంకు ఉండనియ్యుండ్రి. జర ఆ ఎరువు నాకొక సంచెడు ఇయ్యరాదు?"

"లిఫ్టు దగ్గర చెప్పండి."

"గిదేం లొల్లి" అంటూనే, సాయంత్రం లిఫ్టు దగ్గరికొచ్చి అందరి ముందూ చెప్పాడు. నవ్వినవాళ్లలో మూడో అంతస్తు ఆవిడ ఆ రోజు ఊళ్లో లేదు. సోమవారం ఆవిడ వచ్చాక మళ్లీ చెప్పించాను. సంచి ఆ తర్వాతే ఇచ్చాను.