వేడి అన్న మాట

మొన్న మా మనవరాలికి దౌత్యశాస్త్రం చదువులో సీటు వచ్చింది. ఆ చదువు ఉద్యోగంలో నీకెందుకు పనికొచ్చిందో చెప్పమని నన్ను అడిగింది. మనసు మెల్లగా ఆదిలాబాదుకు, జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూదిపోగులు ఎండలో తేలుతూ మా వాకిట్లో వాలే ఆ చలికాలపు పొద్దుల్లోకి జారిపోయింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో సగం మాట తెలుగైతే సగం మరాఠీ అని మన కాలం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా ఇల్లూ అంతే. అమ్మది పెన్‌గంగ అవతలి మరాఠీ ఊరు, అందుకే ఆమెను ఆయి అని పిలిచేవాళ్ళం. నాయనమ్మ, అంటే మా బాపమ్మ, కరీంనగర్ వైపు మనిషి. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి దగ్గర వండారు గానీ, ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోగా నేనెన్నడూ వినలేదు. ఉప్పు కావాలన్నా ఊరికి పోవాలన్నా మధ్యలో నేనుండాల్సిందే. మాటల్లో కారం ఎక్కువైతే కాస్త తగ్గించి చేరవేయడం పలక పట్టకముందే నేర్చుకున్నాను.

మిల్లులో గుమాస్తాగా ఉండే నాన్న, మా బాపు, ఎవరెన్ని అన్నా వినకుండా, నన్ను ఈ చదువుకే ఢిల్లీ పంపాడు. "రాయబారం నేర్వ గంత దూరం పోవాల్నా బిడ్డా? ఇంట్ల చేస్తనే ఉన్నవు గదా" అని బాపమ్మ ఎగతాళి చేసింది.

అక్కడ, పరాయి దేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో తల నెరిసి వచ్చిన మాస్టారు ఒకాయన, తగవు తీర్చాలంటే ఎవరేమన్నారని కాదు, ఎవరికేం వినిపించిందని అడగమనేవారు. పరీక్ష కోసం రాసుకున్నానే తప్ప అది మా ఇంటికి పనికొస్తుందనుకోలేదు.

ఆ ఏడు చలికాలం సెలవులకు వచ్చేసరికి బాపమ్మ మూట కట్టుకుని కూర్చుంది. కరీంనగర్‌లో మా మేనత్త ఇంటికి పోతుందట, ఇక తిరిగి రాదట. మాట చేరవేసే నేనూ లేక, కోడలు పలకరించని ఇంట్లో ఎందుకుండాలంటుంది. బాపమ్మ లేని ఇంటిని నేను ఊహించుకోలేను.

అప్పుడు మాస్టారి మాట గుర్తొచ్చి, ఆయిని వంటింట్లోకి తీసుకుపోయి, మాట మానేసేలా బాపమ్మ నోట నీకేం వినిపించిందని అడిగాను. ఎన్నడూ కంటతడి పెట్టని ఆయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను పెండ్లై అచ్చిన నాడు పదిమందిల నన్ను వేడీ అన్నది. ఇగ ఒకరెనుక ఒకరు నన్ను ముట్టి సూసి, వేడీ వేడీ అనుకుంట పోయిండ్రు."

మరాఠీలో వేడీ అంటే పిచ్చిది. ఆ నాటికి ఆయికి తెలుగు ముక్క రాదు.

బాపమ్మను అడిగితే తెల్లబోయింది. "అయ్యో, పిల్ల ఒళ్ళు పెనం లెక్క కాలుతుండె. జెరమచ్చింది, వేడున్నదని చెప్పిన. గంతే బిడ్డా!"

మా ఇంట్లో నీళ్ళైనా అన్నమైనా ఉడుకే, జ్వరానికి తప్ప వేడి అనడం తక్కువ, అందుకే ఆ మాట ఆయి చెవిన మళ్ళీ పెద్దగా పడలేదు. తెలుగు వచ్చాక ఆయికి ఆ మాట అర్థం తెలిసే ఉంటుంది, కానీ ఆ నాడు చెవిన పడ్డది మాత్రం పాత అర్థంతోనే మనసులో ఉండిపోయింది. నేను ఇద్దరికీ విడమరిచి చెప్పాక ఆయి లేచి మూట ముడి విప్పుతూ, "చాయ్ పెట్టాల్నా అత్తమ్మా?" అంది, నా వైపు చూడకుండా, నేరుగా. నాకు ఏడుపు ఆగలేదు.

ఉద్యోగంలో చేరాక ఎన్ని దేశాలు తిరిగినా, ఒప్పందం ముసాయిదా మీద ఎక్కడ పేచీ వచ్చినా, ఈ మాట మీ భాషలో ఎలా వినిపిస్తుందని ముందు అడిగేదాన్ని. తోటివాళ్ళు నవ్వేవారు గానీ చాలాసార్లు పేచీ అక్కడే తేలిపోయేది. పుస్తకంలో చదివింది మా వంటింట్లో పనిచేయడం చూశాను గనుకే ఆ చదువు నాకు ఒంటబట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరిదీ ఒకటే భాష. భోజనాల దగ్గర ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంటుంది. అలకలు లేవు, పంతాలు లేవు, నా రాయబారంతో ఎవరికీ పని లేదు. సంతోషించాల్సిందే, కానీ ఎందుకో దిగులేస్తుంది. అపార్థం చేసుకోవాలన్నా ముందు ఒకరి మాట ఒకరి చెవిన పడాలి కదా.