నలభై పుల్లల చక్రం

ఆ రోజుల్లో నాకొక్కదానికి వచ్చినంత కోపం ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ కలిపినా రాదు. నాకప్పుడు పదిహేడేళ్లు. పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది. చందానగర్‌లో బొంబాయి సడక్ పక్కన మా నాయన సైకిళ్లు తయారు చేసి అమ్మేవాడు. పట్నం నుంచి సామాను తెచ్చి ఫ్రేము ఆయన అతికేవాడు, చక్రాలు నేను కట్టేదాన్ని. వెనక చక్రానికి నలభై ఇనప పుల్లలు, అంటే స్పోకులు, అల్లి, ఒక్కొక్కటీ బిగించి, వంకర లేకుండా బెండు తీయడం నా పని. అదంతా ఇంటి వెనక వాకిట్లోనే. ఆడపిల్ల కట్టిన చక్రమంటే ఎవరూ ఎక్కరని నాయన భయం. అందుకే అడిగిన వాళ్లందరికీ చక్రాలు మా మేనమామ కడతాడని చెప్పేవాడు. (మామ చేసే పని హ్యాండిలుకు గంట బిగించడం. అది కూడా ఒక్కోసారి తలకిందులుగా.)

ఒకరోజు నిజాంపేట పట్వారీ మా దగ్గర కొన్న సైకిలుకు టైరు మార్పించుకోవడానికి వచ్చాడు. ఏడాదిగా రాళ్ల బాటలో తొక్కినా వెనక చక్రం వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదని, కట్టినవాడికి ఇవ్వాలని జరీ అంచు రుమాలు తెచ్చాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. మామ తల వంచి దాన్ని తలపాగాగా చుట్టించుకుని, “చెయ్యి తిరిగిన పని గద దొరా” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా దుకాణంలోకి వెళ్లి, టైరు ఊడదీసి పక్కన పెట్టిన ఆ చక్రం ముందేసుకుని పుల్లలన్నీ విప్పడం మొదలుపెట్టాను. నాయన వద్దన్నాడు గాని, పట్వారీ ఎదుట నా చెయ్యి పట్టి లాగలేకపోయాడు. నలభై పుల్లలూ మామ ముందు పోశాను.

“ఇగ కట్టు మామా. జర మేం గూడ చూస్తం.”

మామ రెండు గంటలు కట్టాడు. రుమాలు కళ్ల మీదికి జారింది, చక్రం వంకర గుమ్మడికాయ ఆకారానికి వచ్చింది. పట్వారీ దాన్ని ఒకసారి తిప్పి చూసి, అసలు కట్టేదెవరని నాయననడిగాడు.

నాయన నా వైపు చెయ్యి చూపించాడు. “నా బిడ్డ కడ్తది దొరా. నేనే అబద్ధం చెప్పిన.”

రెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. విన్నాక కోపం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. పట్వారీ మర్యాదగానే, కట్టియ్యి బిడ్డా, ఇంటికి పోవాలని అడిగాడు. కట్టనని లోపలికి వెళ్లిపోయాను. పాపం ఆయన ఎవరిదో ఎడ్లబండి ఎక్కి పోయాడు. నాలుగో రోజు ఆ చక్రం కట్టాను, సడక్ మీదికి కనబడేలా దుకాణం ముందు కూర్చుని. పుల్లలు నాయనే అందించాడు.

ఆ కోపం తప్పని ఈనాటికీ అనుకోను. కానీ గొడవ జరిగిన సాయంత్రం నాయన కంచం ముట్టకుండా నా కోసం కూర్చుని, “తిందాం రా బిడ్డా” అని పిలిస్తే, నాకు కడుపు నిండిందని చెప్పాను. పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు, పేగులు నకనకలాడుతున్నాయి. అయినా మొహం తిప్పుకుని ఎంత దర్జాగా చెప్పిందో తలుచుకుంటే, ఆ పదిహేడేళ్ల పిల్ల మీద జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది.