శౌరి మావయ్య చెయ్యి

శౌరి మావయ్య స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. మాటకు ముందు తిట్టు, తర్వాత నవ్వు. రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. డైసీ అత్త ఏడుస్తుంటే, "ఏటే ఆ ఏడుపు, తిట్టడానికి నోరుంది కదా" అన్నాడట.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంగా ఏర్పడి నాలుగేళ్లయిన రోజులవి. ప్లాంటు పక్కన మా రిసాలి కాలనీలో పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, అదీ సగం హిందీ కలిపి. చదవడం మాత్రం రాదు. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా వాళ్లకి తెలీదు. అందుకని మావయ్య ఆ తెలుగు పాటల్నే హిందీ అక్షరాల్లో కంప్యూటర్లో కొట్టడం మొదలుపెట్టాడు. కుడిచేత్తోనే కొట్టాలని పంతం. మొదట్లో రోజుకొక వరుస. కొట్టగా కొట్టగా వేళ్లు లొంగాయి. నూరు పాటలయ్యేదాకా నన్ను పిలవొద్దని దేవుడికి చెప్పాననేవాడు. తొంభై ఆరు అయ్యాయి. తొంభై ఏడోది సమాధి దగ్గర పాడే పాట, సగంలో ఉంది. "ఇది నా కోసమేరా, తప్పుల్లేకుండా కొట్టాలి" అని నవ్వేవాడు.

మే నెలలో కరెంటు ఎగుడుదిగుళ్లకి మదర్‌బోర్డు కాలిపోయింది. కంప్యూటర్లు బాగుచేసే షాలేమ్‌ని నేనే. రాయపూర్‌లో పాత బోర్డొకటి దొరికితే తెచ్చి వేశాను. షాపులో నా కీబోర్డు, నా మౌసు తగిలిస్తే చక్కగా నడిచింది. ఆ రోజు హథ్‌ఖోజ్‌లో ఇంకో రిపేరుకి ఎవరో తొందరపెడుతున్నారు. కంప్యూటర్ డబ్బాని మావయ్య గుమ్మంలో దించి, "కీబోర్డు, మౌసు పిన్నులు తీసిన చోటే పెట్టు మావయ్యా" అని వెళ్లిపోయాను.

మర్నాడు అత్త ఫోన్ చేసింది.

"ఒరే షాలేమూ, మీ మావయ్య నొక్కతన్నాడు గానీ ఒక్కక్షరం పడట్లేదురా. మౌసు బాణం కూడా కదలట్లేదు. ఓసారొచ్చి చూడ్రా."

నాకు చిరాకేసింది. "మిషను బిల్కుల్ ఠీక్ ఉంది అత్తా, చూసే పంపాను. మావయ్య చేతిలోనే జోరు తగ్గుంటాది. గట్టిగా నొక్కమను."

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదికీ తొయ్యను.

ప్లాంటులో ఒక పద్ధతుంది. రిపేరు చేసినవాడు ఓకే అని సంతకం పెట్టాక మిషను నడవకపోతే తప్పు నడిపేవాడిదే. ముప్పై రెండేళ్లు అలా బతికిన మనిషి నా మాటనూ సంతకంలాగే తీసుకున్నాడు. ఎలక్ట్రీషియనై ఉండీ వైరును అనుమానించలేదు, తన చేతిని అనుమానించాడు. అత్తని మళ్లీ నాకు ఫోన్ చెయ్యనివ్వలేదు. నాలుగు రోజులు గట్టిగా నొక్కాడట. ఐదో రోజు కుర్చీ గోడవైపు తిప్పేసి, ఎడంచేత్తో అన్నం తిన్నాడు. "చెయ్యి మళ్లీ పోయిందే" అన్నాడు గానీ ఎవర్నీ తిట్టలేదట. పదో రోజు మధ్యాహ్నం కునుకులోనే పోయాడు.

సమాధి దగ్గర పిల్లలు పాడటానికి ఆ పాట కాగితం మీద తీసిమ్మని అత్త అడిగింది. నేను నొక్కినా ఒక్కక్షరం పడలేదు. కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. కాలిపోయిన బోర్డుకి కీబోర్డు పిన్ను ఎడంపక్క, మౌసుది కుడిపక్క. నేను తెచ్చి వేసినదానికి తారుమారు. రెండూ ఒకేలాంటి గుండ్రటి పిన్నులు, గుర్తుపట్టే రంగులు వెలిసిపోయాయి. మావయ్య తీసిన చోటే పెట్టాడు, నేను చెప్పినట్టే. ఆపి, పిన్నులు మార్చి, మళ్లీ ఆన్ చేశాను. వేలు ఆనించానో లేదో అక్షరం పడింది.

అత్త తెరవైపే చూస్తోంది.

"అంటే, ఆయన చెయ్యి బాగానే ఉండేదేట్రా?"



మిగతా పాట కొట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆయన కొట్టిందే తియ్యి" అంది. అంతవరకే తీశాను.

సమాధి దగ్గర పిల్లలు ఆ కాగితాలు చూసి గొంతెత్తి పాడారు. రెండో చరణం మధ్యలో అందరూ ఒక్కసారే ఆగిపోయి, కాగితం వెనక్కి తిప్పి చూశారు.