కరియా, మామకు చెప్పు

మా మామ పోయిన కబురు ఒక రైతు ఫోన్‌లో చెప్పాడు. వేసవిలో మేత కోసం మా మామ మందను తోలుకుని కేసీ కాలువ వెంట మైదుకూరు దాకా పోతాడు. ఆ రాత్రి మంద ఆగింది ఆ రైతు చేన్లోనే. పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, మీ పెద్దాయన పండుకున్నోడు పండుకున్నట్టే ఉండాడు. పిలిస్తే పలకల్యా. దగ్గరికి పోయి చూద్దామంటే కుక్క పోనీడంల్యా."

నా భర్త అప్పటికే ఆటో తీసుకుని పత్తికొండకు పోయాడు. మా అత్త బోరు దగ్గర ఉంది. ఫోన్ కుక్క చెవి దగ్గర పెట్టమని ఆ రైతును అడిగాను. దగ్గరికి పోలేనని, గట్టిగా వినపడేలా పెట్టి చేయి చాపుతానని అన్నాడు.

"కరియా, వాండ్లు మనోళ్లే. మామను చూడనీ. పక్కకు రాప్పా" అన్నాను.

కొంచెం సేపు గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. తరువాత రైతు గొంతు వచ్చింది. "లేసిందమ్మా. పోయి కాళ్ల దగ్గర కూర్చుండాది." ఆ తరువాత మెల్లగా అన్నాడు. "పెద్దాయన ల్యాడమ్మా."

మా మామ గొర్రెల కాపరి. కరియ ఆయన మందను కాసిన నల్ల కుక్క. వాళ్లిద్దరి గురించి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఇళ్లలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. ఆయన ఇంటికి వస్తే వాకిట్లోనే దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే నేను కొంగు సర్దుకుని వంటింట్లోకి పోయేదాన్ని. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు అలాగే తలుపు వెనక నిలబడి ఉంటే బయట నుంచి ఆయన మాట వినిపించింది.

"కరియా, మీ వదినకు చెప్పు. మజ్జిగుంటే కొంచెం పొయ్యమను."

వదిన ఎవరో నాకు అర్థం కాలేదు. గడపలో నిలబడి కుక్క నా వైపే చూస్తోంది. మా అత్త పగలబడి నవ్వింది. "నిన్నేలేమ్మా! దాన్ని కొడుకుని సాకినట్టు సాకినాడు. అది నీకు మరిది అయితే, నువ్వు దానికి వదినవే కదా!"

నేనూ కుక్కతోనే అన్నాను. "కరియా, మామకు చెప్పు. మజ్జిగ పులిసింది, నీళ్లు కలిపి ఇస్తానని."

కరియ తల తిప్పి ఆయన వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. ఆ రోజు నుంచి మా మామకూ నాకూ మధ్య మాటలన్నీ అలాగే నడిచాయి. నాకు జ్వరం వస్తే, "కరియా, మీ వదినను పండుకోమను, రొట్టెలు నేను కాల్చుకుంటా" అనేవాడు. మా ఊరి జాతరకు పోయి వస్తే, "కరియా, గాజులు తెచ్చినానని చెప్పు, సైజు నాకు తెలీదు, నువ్వే అడుగు" అనేవాడు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాను. ఆ ఇంట్లో నా గొంతు ముందుగా విన్నది కరియే.

ఆయన తినే ముందు రొట్టె తుంచి మొదటి ముక్క కరియకు వేసేవాడు. నడుస్తూ నడుస్తూ కదురు తిప్పి ఉన్ని వడికేవాడు. కరియ ఊరికే మొరుగుతోందని ఎవరైనా రాయి ఎత్తితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కొట్టేది తర్వాత. యాల మొరిగిందో ముందు చూడు" అనేవాడు. ఆ మాట నేను నా బిడ్డ విషయంలో కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఒకరోజు గొర్రెల కడుపులో పురుగులకు నట్టల మందు పోయడానికి పశువుల డాక్టరమ్మ మా ఊరికి వచ్చింది. కుక్కల మీద రాష్ట్రంలో కొత్త చట్టం రాస్తున్నారని, ఇంకా ముసాయిదా దగ్గరే ఉందని చెప్పి మా మామ చేతిలో ఒక కాగితం పెట్టింది. శాసనసభ్యుల కమిటీ ఒకటి కర్నూలుకు వస్తుందని, కుక్కలు పెంచేవాళ్లు పోయి తమ మాట చెప్పవచ్చని కూడా అన్నదట.

మామ ఆ కాగితం తెచ్చి కరియ ముందు పెట్టాడు. "కరియా, మీ వదిన చదువుకున్నాది కదా. దాంట్లో ఏముండాదో నీకు చదివి చెప్పమను."

నేను గడపలో కూర్చుని కరియ వైపు తిరిగి చదివాను. మామ అరుగు మీద అటు వైపు తిరిగి విన్నాడు. ప్రతి కుక్కనూ యజమాని ఇంటి నంబరు మీద నమోదు చేయించాలి. ఇల్లు దాటితే మెడకు తాడు ఉండాలి. తాడు లేకుండా బయట కనపడిన కుక్కను పట్టుకుపోతారు. కొన్ని మాటలు నాకూ తెలియలేదు. వాటిని రెండుసార్లు చదివాను.

చదవడం అయిపోయాక ఆయన చాలా సేపు కదురు తిప్పలేదు.

మా వైపు తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. గొర్రెలు పడుకున్న చేనికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని రైతులు పిలిచి మందను తమ చేన్లో ఆపించుకుంటారు. ఈ రాత్రి ఒకరి చేను, రేపు మరొకరి చేను. మంద ఎక్కడుంటే కాపరి అక్కడ, కుక్క అక్కడ. ఏడాదిలో ఎక్కువ రోజులు వాళ్లు ఇంట్లో ఉండరు. కుక్కను కట్టేస్తే తోడేలుకు మందను అప్పజెప్పినట్టే.

"ఇంటి నంబరు అంటాండారు" అన్నాడు మామ చివరికి. "కరియకు ఏ నంబరు రాయల్ల?"

మా అత్త, "రాసేవోళ్లు రాసుకుంటారు. మన మాట ఎవరు వింటారు, ఊరుకో" అంది.

"రాసేది ఇంగా అయిపోల్యా కదా. అయిపోయినాక ఏడ్సేదానికంటే, రాసేటప్పుడే పోయి చెప్పల్ల" అన్నాడాయన. మరుసటి రోజు నుంచి చేతికర్ర తీసుకుని చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న కాపరులందరి దగ్గరికీ తిరిగాడు.

ఊళ్లో ఎగతాళి చేశారు. రచ్చకట్ట దగ్గర ఒకాయన, "ఏమప్పా, కుక్కను తీసుకుని అసెంబ్లీకి పోతాండావంట? ఎలక్షన్లో దానికి టికెట్టు ఇస్తారా ఏంది?" అని అడిగాడు.

"ఇస్తే నీకంటే అదే గెలుస్తాదిలేప్పా. అది అరిస్తే ఊరంతా లేస్తాది. నువ్వు అరిస్తే నీ పెండ్లాం కూడా లేయదు" అన్నాడు మామ. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. చివరికి ఆ ఎగతాళి చేసిన ఆయన కూడా తన కుక్కను తీసుకుని మాతో వచ్చాడు.

కర్నూలుకు పోవడానికి బండి ఎట్లా అనుకుంటుంటే, పత్తికొండలో మాంసం అంగడి నడిపే భాయి గొర్రెలను ఎక్కించే తన వ్యాను బండి ఇచ్చాడు. "కుక్కలు లేకుంటే గొర్రెలు ల్యావు. గొర్రెలు లేకుంటే నా అంగడి ల్యా. నడువన్నా, నేనే తోల్తా" అన్నాడు. ఆ పూట నా మరిది, అంటే నా భర్త తమ్ముడు, మందను దొడ్లోనే ఉంచి కాశాడు. మా అత్త కూడా బయలుదేరింది. మామ నన్నూ రమ్మన్నాడు. "కరియా, కాగితం చదివేదానికి మీ వదినను కూడా తోడు రమ్మను."

అయితే మేమొక పొరపాటు చేశాం. ప్రభుత్వం పశువుల సంగతి అని పిలిస్తే మాకు తెలిసింది ఒక్కటే. పశువులను తోలుకుని పోవాలి. మందుకైనా, సూదికైనా, బీమాకైనా ఎప్పుడూ అంతే. అందుకని కాపరులంతా కుక్కలకు బోరు కింద నీళ్లు పోసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, బండ్లో ఎక్కించారు. చట్టంలో తాడు అన్నారు కదా అని మా మామ తాను వడికిన నల్ల ఉన్నితో కరియకు మెత్తటి తాడు పేనాడు.

కర్నూలులో కమిటీ కూర్చున్న ఆఫీసు గేటు దగ్గర కాపలా ఆయన మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. "ఏందప్పా ఇది! అభిప్రాయం చెప్పమని పిలిస్తే కుక్కల్ని తోలుకొచ్చినారు!"

"కుక్కల గురించే పిలిచినారు కదా సార్. అవి ల్యాకుండా ఎట్ల వస్తాం?" అన్నాడు మా మామ. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు.

లోపల పట్నం వాళ్లు మంచి బట్టలు కట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కరూ కుక్కను తేలేదు. మా కుక్కల అరుపులకు లోపల ఎవరి మాటా వినపడలేదట. కమిటీ వాళ్లలో ఒక పెద్దాయన బయటికి వచ్చి చూసి నవ్వాడు. "వీళ్లను లోపలికి తేలేం. మనమే బయటికి పోదాం" అన్నాడు. వరండాలోకి కుర్చీలు వచ్చాయి.

ముందు కల్లూరు నుంచి వచ్చిన ఒకామె మాట్లాడింది. వీధిలో వదిలేసిన ఎవరిదో పెంపుడు కుక్క తన బిడ్డ కాలు పట్టుకుందని చెప్పింది. బిడ్డ పక్కనే నిలబడి ఉంది. కాలికి కట్టు ఉంది. "తాడు కట్టాలని చట్టం చేయండి సార్. నా బిడ్డ ఇప్పుడు వాకిలి దాటాలంటే ఏడుస్తాంది" అన్నది.

ఆ తరువాత మా మామ వంతు వచ్చింది.

ఆయన లేచాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మందను మలిపే గొంతు అది. వంక అవతల నుంచి కేకేస్తే ఊళ్లోకి వినపడేది. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంత దూరం వచ్చి చెప్పలేకపోతే కరియ సంగతి ఏమవుతుందో అనుకున్నాను. "చెప్పు పెద్దాయనా, భయం లేదు" అన్నాడు కమిటీ ఆయన. అయినా రాలేదు.

అప్పుడు మామ వంగి కరియ తల మీద చెయ్యి పెట్టాడు.

"కరియా" అన్నాడు. "సార్లు నీ ఇల్లు యాడ అని అడుగుతాండారు. చెప్పప్పా. నిన్న ఎర్రచేన్లో పండుకుంటిమి. మొన్న వంక పక్కన. రేపు ఎవరు పిలిస్తే ఆడికి పోతాం. నీకు ఇంటి నంబరు యాడిది? మంద యాడుంటే ఆడే కదా నీ ఇల్లు."

కొందరు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఆయన ముందు ఇప్పుడు కరియ తప్ప ఎవరూ లేరు.

"తాడు కట్టుకోమంటాండారు. తోడేలు వచ్చినప్పుడు నేను లేసి నీ తాడు ఇప్పేలోపల గొర్రెపిల్ల పాయె. అది కూడా చెప్పు." కొంచెం ఆగి, ఆ కల్లూరు ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఆయమ్మ చెప్పింది కూడా నిజమే కరియా. బిడ్డ కాలు చూస్తివి కదా. ఊర్లో నడిచేటప్పుడు తాడు కట్టుకుంటానని చెప్పు. సూది ఏపించుకుంటానని చెప్పు. చేన్లో మాత్రం ఇడిసిపెట్టమని అడుగు."

కమిటీ ఆయన కాసేపు కరియ వైపే చూశాడు. తరువాత ముందుకు వంగి అన్నాడు. "కరియా, మీ నాయనకు చెప్పు. రాసుకున్నామని."

ఎంత నవ్వారో! కాపరులు ఈలలు వేశారు. మా అత్త కళ్లు తుడుచుకుంది. మా ఇంటి వాకిట్లో మజ్జిగ కోసం పుట్టిన మాట తీరు అంతమంది పెద్దల ముందు చెల్లింది. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి, ఈయన మా మామ అని పక్కవాళ్లకు చెప్పాలనుకున్నాను. సిగ్గుతో చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అందరూ పోయేటప్పుడు ఆ కల్లూరు ఆమె బిడ్డతో మా దారినే వచ్చింది. మామ కరియ తాడును చేతికి మరో చుట్టు చుట్టుకుని, వాళ్లు దాటేదాకా బిడ్డకు కుక్క కనపడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కొన్ని నెలలకు చట్టం అయ్యింది. మందతో తిరిగే కాపలా కుక్కకు ఇంటి నంబరు అక్కర్లేదని, మేతలో, చేన్లో తాడు లేకపోయినా పట్టుకోరని అందులో చేర్చారని డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో తాడు, ఏటేటా సూది తప్పనిసరి. అద్దె ఇళ్లలో కుక్కను ఉంచుకోనివ్వాలని అడిగిన పట్నం వాళ్ల మాట మాత్రం రాలేదట. "వాండ్లు మళ్లీ పోతే మనం కూడా తోడు పోదాం" అన్నాడు మామ. తరువాత కరియ చెవి పట్టుకుని, "చట్టంలో నీకు చోటిచ్చినారంట. ఇంగ నువ్వు దొంగరొట్టె తింటే బాగుండదు" అన్నాడు.

నమోదు చేసిన కుక్కలకు ఇచ్చే బిళ్ల కోసం ఆయన ఎదురుచూశాడు. అది రాకముందే కాలువ వెంట మందతో పోయాడు.

దినాలు అయిపోయాక డాక్టరమ్మ తానే వచ్చి బిళ్ల ఇచ్చింది. చిన్న ఇత్తడి బిళ్ల. మీద నంబరు ఉంది, దాని కింద ఇల్లు ఉండాల్సిన చోట మంద అని ఉంది. మందను ఇప్పుడు నా మరిది తోలుతున్నాడు. ఆ సాయంత్రం మంద మా వాకిలి మీదుగా పోతుంటే కరియ ఎప్పటిలాగే గడప దగ్గరికి వచ్చింది. మామ పేనిన నల్ల తాడుకు నేను ఆ బిళ్ల కట్టాను.

"కరియా, మామకు చెప్పు. నీ బిళ్ల వచ్చిందని" అన్నాను.

కరియ నన్ను చూసింది. తల తిప్పి అరుగు వైపు చూసింది. చెవులు నిక్కబొడుచుకుని అక్కడి నుంచి మాట వచ్చేదాకా ఉందామన్నట్టు నిలబడింది. మంద సందు దాటింది. నా మరిది కేకేశాడు, మళ్లీ కేకేశాడు. అది మెల్లగా అరుగు దగ్గరికి పోయి, ఆయన కూర్చునే చోట ఒకసారి మూతి ఆనించి, మంద వెనక పరుగెత్తింది. దుమ్ములో కుక్క కనపడకుండా పోయింది. బిళ్ల మాత్రం చాలా సేపు టింగుటింగుమంటూ వినపడింది.